చిప్పు, కోడు, మీ ప్రశ్నలు: రిజిస్టర్ అడ్రసు ఒక్కచోటే రాయండి

ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. హార్డ్‌వేర్ రిజిస్టర్ల (చిప్‌లోని భాగాలని నడిపించే మెమరీ గదులు) అడ్రసులు సీ కోడ్‌లో ఎలా రాసుకోవాలి అని. అందుకే మిగతావి వచ్చే నెలకి పెట్టి ఇవే తీసుకున్నాను. కోడ్‌ని మాటల్లోనే చెప్తున్నాను కాబట్టి ఎడిటర్ పక్కన తెరిచి పెట్టుకుని చదవండి. అడ్రసులు, ఆఫ్‌సెట్‌లు అన్నీ హెక్స్‌లోనే ఉంటాయి.

ప్రశ్న: మేడమ్, నేను మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో ఈమధ్యే చేరాను. మాది ఎస్‌టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్ మీద నడిచే మీటర్ బోర్డు. పాత కోడ్ నా చేతికిచ్చారు. దాంట్లో 40011010, 40021018 లాంటి నంబర్లు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి, ప్రతిచోటా పాయింటర్‌గా క్యాస్ట్ చేసి నేరుగా రాసేశారు. "క్లీన్ చెయ్" అని మా లీడ్ ఒక్క మాట అని వెళ్లిపోయారు. ప్రతి నంబర్‌కీ ఒక హ్యాష్ డిఫైన్ పెడితే చాలా, స్ట్రక్చర్ వాడాలా, కాన్‌స్ట్ పాయింటర్లు పెట్టాలా? తలా ఒకటి చెప్తున్నారు.
(పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: స్ట్రక్చర్ వాడండి. ఎందుకో కూడా తెలుసుకోండి, కారణం తెలియకుండా మారిస్తే రేపు ఇంకొకరు వచ్చి ఇంకోలా మారుస్తారు.

మీరు రాసిన నంబర్లనే తీసుకుందాం. రిఫరెన్స్ మాన్యువల్‌లో మెమరీ మ్యాప్ పట్టిక చూస్తే పోర్ట్ సీ జీపీఐఓ (మామూలు ఇన్‌పుట్, అవుట్‌పుట్ పిన్‌ల గుంపు) 40011000 దగ్గర మొదలవుతుంది. జీపీఐఓ చాప్టర్‌కి వెళ్తే బీఎస్ఆర్ఆర్ అనే, పిన్‌లని పైకీ కిందికీ మార్చే రిజిస్టర్ ఆఫ్‌సెట్ 10 అని ఉంటుంది. రెండూ కలిపితే మీ 40011010. రెండోది కూడా అంతే, క్లాక్‌లు చూసుకునే ఆర్‌సీసీ బేస్ 40021000, దానికి 18 కలిపితే ఏపీబీ2ఈఎన్ఆర్, పెరిఫెరల్స్‌కి (చిప్‌లోని పోర్టులు, టైమర్ల లాంటి భాగాలకి) క్లాక్ ఆన్ చేసే రిజిస్టర్. మాన్యువల్ ఎప్పుడూ ఈ రెండు ముక్కలూ విడివిడిగానే చెప్తుంది. పాత కోడ్ రాసినవాళ్లు వాటిని మనసులో కూడేసి జవాబు మాత్రం కోడ్‌లో పెట్టారు, ఇప్పుడు చదివే మీరు దాన్ని మళ్లీ విడదీసుకుంటూ కూర్చున్నారు. మీ టైమంతా పోయేది అక్కడే.

సరే, ఆ మొత్తానికే ఒక పేరు పెట్టి హ్యాష్ డిఫైన్ రాశారనుకోండి. చదవడానికి కొంత నయం. కానీ ఈ చిప్‌లో పోర్ట్ ఏ 40010800 దగ్గర, పోర్ట్ సీ 40011000 దగ్గర, పోర్ట్ పోర్ట్‌కీ మధ్య 400 దూరం, ఒక్కో పోర్ట్‌లో అవే ఏడు రిజిస్టర్లు అదే వరసలో ఉంటాయి. అన్నిటికీ విడివిడిగా డిఫైన్లు కొడితే ఏదో ఒక లైన్‌లో ఒక అంకె తప్పు పడుతుంది, కంపైలర్ మాత్రం కిమ్మనదు. ఒకే ప్లాన్ మీద కట్టిన అపార్ట్‌మెంట్ బ్లాకులకి ఫ్లాట్ నంబర్ల పటం ఒకసారి గీస్తే చాలు కదా, ప్రతి బ్లాక్‌కీ కొత్తగా గీయక్కర్లేదు. ఆ పటమే స్ట్రక్చర్. ఏడు మెంబర్లు, అన్నీ వోలటైల్ (ప్రతిసారీ అసలు అడ్రసు నుంచే చదవాలని కంపైలర్‌కి చెప్పే మాట) 32 బిట్ అన్‌సైన్డ్, మాన్యువల్‌లో ఉన్న పేర్లతో, మాన్యువల్‌లో ఉన్న వరసలో. తర్వాత పోర్ట్‌కి ఒక లైన్: బేస్ అడ్రసుని ఆ స్ట్రక్చర్ పాయింటర్‌గా క్యాస్ట్ చేసిన డిఫైన్. అప్పుడు వాడేచోట "జీపీఐఓసీ, బాణం గుర్తు, బీఎస్ఆర్ఆర్" అని ఉంటుంది. మాన్యువల్ ఇంతవరకు చూడనివాళ్లకి కూడా ఏ చాప్టర్ తెరవాలో అర్థమైపోతుంది. ఇంత పని పెట్టుకునేది దానికోసమే.

బేస్ అడ్రసు ఎలా రాయాలన్న దాంట్లో రెండు పద్ధతులున్నాయి. ఎస్‌టీ వాళ్ల హెడర్‌లో పెరిఫెరల్ బేస్ 40000000, దానికి 10000 కలిపితే ఏపీబీ2 బస్, దానికి 1000 కలిపితే పోర్ట్ సీ, ఇలా మెట్లుమెట్లుగా కడతారు. నాకు మాత్రం పూర్తి అడ్రసు ఒక్క లైన్‌లో కనిపించడమే ఇష్టం, మాన్యువల్ పట్టిక పక్కన పెట్టుకుని లైన్ మీద వేలు పెట్టి సరిచూసుకోవచ్చు. ఏదైనా ఒకటి ఎంచుకుని ఫైల్ అంతా అదే పాటించండి.

డిఫైన్లు రాసేటప్పుడు బ్రాకెట్ల విషయంలో బద్ధకించకండి. ఆర్‌సీసీ బేస్ ప్లస్ 18 అని బ్రాకెట్లు లేకుండా డిఫైన్ రాసి, వాడేచోట దాని ముందు 32 బిట్ పాయింటర్ క్యాస్ట్ పెట్టారనుకోండి. క్యాస్ట్ మొదట బేస్‌కి అతుక్కుంటుంది, ఆ తర్వాతే ప్లస్ 18 జరుగుతుంది, అది పాయింటర్ అరిథ్మెటిక్ కాబట్టి నాలుగుతో గుణించి 60 కలుస్తుంది. 40021018కి వెళ్లాల్సిన రాత 40021060కి పోతుంది. ఆ చిప్‌లో అక్కడ ఆర్‌సీసీ రిజిస్టర్ ఏదీ లేదు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, క్లాక్ మాత్రం ఆన్ అవదు, మీరేమో సోల్డరింగ్ మీద అనుమానపడుతూ సాయంత్రం దాకా మల్టీమీటర్ పట్టుకుని కూర్చుంటారు. స్ట్రక్చర్ పద్ధతిలో ఆఫ్‌సెట్ లెక్క కంపైలర్ చేస్తుంది కాబట్టి ఈ తప్పుకి తావే లేదు.

స్ట్రక్చర్‌కీ ఒక ప్రమాదం ఉంది, అది ఖాళీలు. మాన్యువల్‌లో కొన్ని ఆఫ్‌సెట్‌లు రిజర్వ్‌డ్ అని ఉంటాయి, వాటికి మీరే రిజర్వ్‌డ్ అని పేరుపెట్టిన మెంబర్లు పెట్టాలి. ఒకటి మర్చిపోతే దాని కింద ఉన్నవన్నీ నాలుగు బైట్లు పైకి జరుగుతాయి. దీనికి మందు సీ11 నుంచీ భాషలోనే ఉంది, స్టాటిక్ అసర్ట్. ఆఫ్‌సెట్ఆఫ్ మ్యాక్రోతో "బీఎస్ఆర్ఆర్ ఆఫ్‌సెట్ 10 అయి తీరాలి" అని హెడర్‌లోనే ఒక లైన్ రాసేస్తే వరస తప్పిన రోజున బిల్డ్ అక్కడే ఆగిపోతుంది. ప్రతి మెంబర్‌కీ అక్కర్లేదు, ప్రతి ఖాళీ తర్వాత వచ్చే మెంబర్‌కి ఒకటి, చివరి మెంబర్‌కి ఒకటి చాలు. ఈ లైన్లు బైనరీలో ఒక్క బైట్ కూడా తినవు. స్ట్రక్చర్ రాసి అసర్ట్ రాయకపోతే పని సగంలో వదిలేసినట్టేనని నా గట్టి అభిప్రాయం.

బిట్లకి కూడా పేర్లు పెట్టాలి. పోర్ట్ సీ క్లాక్ ఏపీబీ2ఈఎన్ఆర్‌లో బిట్ 4. దాన్ని హెక్స్‌లో 10 అని రాయకండి, "ఒకటి, యూ సఫిక్స్, నాలుగు స్థానాలు ఎడమకి జరిపింది" అని రాసి ఐఓపీసీఈఎన్ అని మాన్యువల్ పేరే పెట్టండి. ఆ యూ సఫిక్స్ ఎందుకంటే, బిట్ 31 దగ్గరికి వచ్చేసరికి సైన్డ్ ఒకటిని 31 స్థానాలు జరపడం సీ భాషలో అన్‌డిఫైన్డ్ బిహేవియర్.

కాన్‌స్ట్ పాయింటర్ గురించి అడిగారు. హెడర్‌లో స్టాటిక్ కాన్‌స్ట్ పాయింటర్ పెడితే తప్పేమీ లేదు, డీబగ్గర్‌లో పేరు కొడితే కనిపిస్తుంది కూడా, మ్యాక్రో మామూలుగా కనిపించదు. ఆప్టిమైజేషన్ ఆన్ చేస్తే ఆ పాయింటర్ మాయమై నేరుగా అడ్రసే మిగులుతుంది. స్టాటిక్ మర్చిపోతే మాత్రం ఆ హెడర్‌ని చేర్చుకున్న ప్రతి ఫైల్‌లోనూ ఒక డెఫినిషన్ పుట్టి లింకర్ గొడవ చేస్తుంది. ఇంకొందరు అడ్రసుని లింకర్ స్క్రిప్ట్‌లో పెట్టి, సీ కోడ్‌లో ఎక్స్‌టర్న్ స్ట్రక్చర్‌గా చెప్తారు. క్యాస్ట్ లేకుండా పోతుంది గానీ, అడ్రసు ఒక ఫైల్‌లో, అమరిక ఇంకో ఫైల్‌లో ఉండిపోతాయి, పైగా కంపైల్ చేసే సమయానికి అడ్రసు ఎంతో కంపైలర్‌కి తెలియదు. నేను వాడను.

మీ కంపెనీలో మిస్రా (భద్రమైన సీ కోడ్‌కి ఉన్న నియమాలు) చెకర్ నడుపుతుంటే ఇంకో లాభముంది. మిస్రా సీ 2012లో 11.4 రూల్ పూర్ణాంకాన్ని ఆబ్జెక్ట్ పాయింటర్‌గా మార్చొద్దని సలహా ఇస్తుంది. రిజిస్టర్ కోడ్‌లో అది తప్పదు. క్యాస్ట్‌లన్నీ ఒకే హెడర్‌లో ఉంటే ఆ ఒక్క ఫైల్‌కి కారణం రాసి మినహాయింపు తీసుకోవచ్చు, కోడంతా చల్లి ఉంటే ప్రతి లైన్‌కీ సంజాయిషీ రాయాలి.

ఇక పని మొదలుపెట్టేటప్పుడు అన్నీ ఒకేసారి మార్చకండి. మొదట జీపీఐఓ ఒక్కటీ మార్చి కమిట్ చేయండి, తర్వాత ఆర్‌సీసీ, తర్వాత యూఆర్టులు (సీరియల్ పోర్టులు). మార్చే ముందు, మార్చిన తర్వాత డిస్‌అసెంబ్లీ తీసి పక్కపక్కన పెట్టండి. అచ్చంగా ఒకేలా రాకపోవచ్చు, బేస్‌ని ఒక రిజిస్టర్‌లో ఉంచుకుని ఆఫ్‌సెట్‌తో వెళ్లడం కంపైలర్‌కి ఇప్పుడు సులువు కాబట్టి. కానీ ఏ అడ్రసుకి ఏ విలువ ఏ వరసలో వెళ్తోందో అది మాత్రం మారకూడదు, ఎక్కడైనా మారితే ఒక్కటే అర్థం, మీరు పొరపాటు చేశారు లేదా పాత పొరపాటు బయటపడింది. అంతా అయ్యాక 4000, 4001, 4002తో మొదలయ్యే ఎనిమిదంకెల నంబర్ హెడర్ బయట కనిపిస్తే బిల్డ్ ఆగిపోయేలా ఒక చిన్న స్క్రిప్ట్ పెట్టేయండి. లేకపోతే డెడ్‌లైన్ టెన్షన్‌లో ఎవరో ఒకరు మళ్లీ మొదలుపెడతారు.

ప్రశ్న: కోఠి గుజరాతీ గల్లీలో బ్లూ పిల్ బోర్డు (ఇదీ ఎస్‌టీఎం32ఎఫ్103దే) కొని మా బీటెక్ ప్రాజెక్ట్ చేస్తున్నాం. యూఆర్ట్‌లో బైట్ వచ్చేదాకా ఆగే వైల్ లూప్ ఆప్టిమైజేషన్ లేకుండా బాగా పనిచేస్తోంది, ఓ2 ఆప్టిమైజేషన్ పెడితే అక్కడే ఇరుక్కుపోతోంది. నెట్‌లో చదివి వోలటైల్ పెట్టాం, అయినా అంతే. బోర్డు నకిలీదా మేడమ్?
(విద్యార్థినులు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: బోర్డుని అనుమానించే ముందు వోలటైల్ ఎక్కడ పెట్టారో చూడండి. మీరు పంపిన లైన్‌లో అది నక్షత్రం గుర్తుకి కుడివైపు ఉంది. అలా రాస్తే పాయింటరే వోలటైల్ అవుతుంది, అది చూపించే రిజిస్టర్ కాదు. నక్షత్రానికి ఎడమవైపు, టైప్ పక్కన రాయాలి. ఇప్పుడున్న కోడ్‌లో స్టేటస్ రిజిస్టర్ మామూలు మెమరీయే అనుకుని, లూప్‌లో దాన్ని ఎవరూ మార్చడం లేదు కదా అని కంపైలర్ ఒకే ఒక్కసారి చదివి ఆ విలువ మీదే తిరుగుతోంది. దాని తప్పేం లేదు.

పై జవాబులో చెప్పినట్టు వోలటైల్‌ని స్ట్రక్చర్ మెంబర్ల దగ్గరే పెట్టేస్తే ఈ గుర్తుపెట్టుకునే బాధ ఉండదు, పాయింటర్ ఎవరు ఎలా తీసుకున్నా మెంబర్ వోలటైల్‌గానే ఉంటుంది. ఆర్మ్ వాళ్ల సీఎంసిస్ అనే ప్రామాణిక హెడర్లలో కూడా ఇదే పద్ధతి. చదవడానికి మాత్రమే ఉన్న రిజిస్టర్‌కి వోలటైల్ కాన్‌స్ట్ అని పెడతారు, ఎవరైనా దాంట్లోకి రాయబోతే కంపైల్ అవదు. జీపీఐఓలో ఇన్‌పుట్ చదివే ఐడీఆర్‌కి మీరూ అలా పెట్టండి. రాయడానికి మాత్రమే ఉన్న రిజిస్టర్‌ని చదవకుండా ఆపే దారి మాత్రం సీ భాషలో లేదు, పేరు చూసి మనమే జాగ్రత్తపడాలి.

వోలటైల్ ఏం చేయదో కూడా ఇప్పుడే తెలుసుకోండి, ఇంటర్వ్యూల్లో అడుగుతారని కాదు, ప్రాజెక్ట్‌లో డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటా కదిపే హార్డ్‌వేర్) పెట్టిన రోజున మీకే అవసరం పడుతుంది. వోలటైల్ యాక్సెస్‌లు ఒకదానికొకటి వరస తప్పవు, అంతవరకే హామీ. మామూలు బఫర్‌లోకి డేటా నింపి తర్వాత డీఎంఏ ఎనేబుల్ బిట్ రాస్తే, నింపడాన్ని కంపైలర్ ఎనేబుల్ తర్వాతకి జరపొచ్చు. మధ్యలో బ్యారియర్ (వరస మార్చొద్దనే అడ్డుకట్ట) పెట్టాలి, సీఎంసిస్‌లో డీఎంబీ అని రెడీగా ఉంది. రెండోది, వోలటైల్ అయినంత మాత్రాన అది అటామిక్ (మధ్యలో తెగని ఒకే పని) కాదు. పిన్‌ల అవుట్‌పుట్ ఉండే ఓడీఆర్‌లో ఒక బిట్‌ని ఓఆర్-ఈక్వల్స్‌తో మారిస్తే చదవడం, మార్చడం, రాయడం అని మూడు పనులు జరుగుతాయి, మధ్యలో ఇంటరప్ట్ వచ్చి అదే పోర్ట్‌లో ఇంకో పిన్ మారిస్తే ఆ మార్పు తుడిచిపెట్టుకుపోతుంది. బీఎస్ఆర్ఆర్ ఉన్నది అందుకే. కింది 16 బిట్లలో ఒకటి రాస్తే పిన్ పైకి, పై 16లో ఒకటి రాస్తే కిందికి, సున్నాలు రాసిన పిన్‌లకి ఏమీ కాదు. మీ బోర్డు మీద ఎల్ఈడీ పోర్ట్ సీ 13వ పిన్‌కి ఉంది, పిన్ కిందికి లాగితేనే అది వెలుగుతుంది, కాబట్టి బిట్ 29 రాయాలి.

ఒకటి మర్చిపోయాను, మీకు ఇది కూడా తగులుతుంది. ఈ చిప్‌లో యూఆర్ట్ డేటా రిజిస్టర్ (డీఆర్) చదివితే "బైట్ వచ్చింది" అనే ఫ్లాగ్ తనంతట తానే క్లియర్ అవుతుంది. డీబగ్గర్‌లో రిజిస్టర్ల విండో తెరిచి పెట్టి స్టెప్ చేస్తుంటే ఆ విండో కూడా డీఆర్‌ని చదువుతుంది, మీ ప్రోగ్రామ్‌కి బైట్ అందదు. డీబగ్గర్ తీసేస్తే పనిచేస్తోంది, పెడితే చేయడం లేదు అని జుట్టు పీక్కోకండి.

ప్రశ్న: అమీర్‌పేటలో ఎంబెడెడ్ కోర్సు చేస్తున్నాను. రిజిస్టర్‌లో ప్రతి బిట్‌కీ బిట్‌ఫీల్డ్ (స్ట్రక్చర్‌లో బిట్ల లెక్కన ఇచ్చే మెంబర్) పెడితే కోడ్ ఎంత అందంగా ఉంటుందో! మాస్కులు, షిఫ్టులు ఏమీ ఉండవు. కానీ మా రూమ్మేట్ (తనకి ఈ ఫీల్డ్‌లో అనుభవముంది) హార్డ్‌వేర్‌కి బిట్‌ఫీల్డ్ వద్దే వద్దంటాడు. ఎందుకు?
(పాఠకుడు, ఎస్సార్ నగర్)

జవాబు: మీ రూమ్మేట్ చెప్పింది నిజం. అందంగా ఉంటుందన్నది కూడా నిజమే, అందుకే వద్దనడానికి కారణాలు గట్టిగా ఉండాలి.

మొదటి కారణం అందరూ చెప్పేదే. బిట్‌ఫీల్డ్‌లో మొదట రాసింది కింది బిట్ అవుతుందా పై బిట్ అవుతుందా అన్నది సీ స్టాండర్డ్ కంపైలర్‌కే వదిలేసింది. ఒకే చిప్, ఒకే కంపైలర్ జీవితాంతం వాడేవాళ్లకి ఇది పెద్ద అడ్డం కాదు. రెండోది, ఎఫ్103లో జీపీఐఓ రిజిస్టర్లని 32 బిట్ వర్డ్‌గానే యాక్సెస్ చేయాలని మాన్యువల్ చెప్తుంది, బైట్‌గా కుదరదు. ఒక బిట్ మార్చడానికి కంపైలర్ ఎంత వెడల్పు యాక్సెస్ వాడుతుందో సీ భాష చెప్పదు. ఆర్మ్ ఏబీఐ (కంపైలర్లు పాటించే ఒప్పందం) వోలటైల్ బిట్‌ఫీల్డ్‌లకి ఒక నియమం పెట్టింది గానీ, ఆ భరోసా ఆర్మ్ దాటితే లేదు.

అసలు ప్రమాదం మూడోది, దీన్ని కోర్సుల్లో సరిగా చెప్పరు. కొన్ని ఫ్లాగ్‌లు ఒకటి రాస్తే క్లియర్ అవుతాయి. ఈ చిప్‌లో ఎక్స్‌టర్నల్ ఇంటరప్ట్ పెండింగ్ రిజిస్టర్, ఈఎక్స్‌టీఐ పీఆర్, అలాంటిది. లైన్ 3 పెండింగ్ క్లియర్ చేద్దామని బిట్‌ఫీల్డ్‌లో ఆ ఒక్క బిట్‌కి ఒకటి ఇచ్చారు. కంపైలర్ మొత్తం రిజిస్టర్ చదువుతుంది, అప్పుడే లైన్ 7 కూడా పెండింగ్‌లో ఉంటే దాని ఒకటి కూడా చదవబడుతుంది, లైన్ 3 బిట్ పెట్టి మొత్తం తిరిగి రాస్తుంది. లైన్ 7 కూడా క్లియర్! ఆ బటనో, సెన్సారో ఇచ్చిన సంకేతం ఎవరికీ తెలియకుండా పోతుంది. అదీ ఎప్పుడో ఒకసారి, రెండూ ఒకే క్షణంలో వచ్చినప్పుడు మాత్రమే. ఓఆర్-ఈక్వల్స్‌తో రాసినా ఇదే జరుగుతుంది. సరైనది నేరుగా ఈక్వల్స్, ఆ ఒక్క మాస్క్ మాత్రమే రాయడం.

ఇదే చిప్‌లో యూఆర్ట్ స్టేటస్ రిజిస్టర్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ కొన్ని ఫ్లాగ్‌లు సున్నా రాస్తే క్లియర్ అవుతాయి, ఒకటి రాస్తే ఏమీ కాదు. టీసీ (పంపడం పూర్తయింది) ఒక్కటే క్లియర్ చేయాలంటే దాని మాస్క్‌ని తలకిందులు చేసి నేరుగా రాయాలి. చదివి ఆండ్ చేసి రాస్తే, చదవడానికీ రాయడానికీ మధ్య వచ్చిన ఆర్ఎక్స్ఎన్ఈ (బైట్ వచ్చింది) ఫ్లాగ్ మీద సున్నా పడి ఒక బైట్ పోతుంది.

చూశారా, ఒకే చిప్‌లో రెండు రకాలు. మాన్యువల్‌లో ప్రతి బిట్ కింద ఆర్‌డబ్ల్యూ (చదవొచ్చు, రాయొచ్చు), ఆర్‌సీ డబ్ల్యూ1 (ఒకటి రాస్తే క్లియర్), ఆర్‌సీ డబ్ల్యూ0 (సున్నా రాస్తే క్లియర్) అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, అందరూ దాన్ని దాటేసి పోతారు. హెడర్‌లో ఆ రిజిస్టర్ మెంబర్ పక్కన ఒక కామెంట్‌గా ఆ ముక్క రాసుకోండి. బిట్‌ఫీల్డ్ ఈ తేడాలన్నిటినీ ఒకేలా ఉన్న ఈక్వల్స్ గుర్తు వెనక దాచేస్తుంది, మాస్క్‌లు మాత్రం మీరు ఏం చదువుతున్నారో ఏం రాస్తున్నారో కళ్లముందు పెడతాయి. మామూలు ర్యామ్‌లో ఉండే మీ సొంత ఫ్లాగ్‌లకి బిట్‌ఫీల్డ్ హాయిగా వాడుకోండి.

ప్రశ్న: మా ల్యాబ్‌లో ఇంకా 8051తోనే మొదలుపెడతాం. అక్కడ కెయిల్ కంపైలర్‌లో ఎస్ఎఫ్ఆర్ అనే కీవర్డ్‌తో పీ1 అడ్రసు 90 అని ఒక్క లైన్ రాస్తే సరిపోతుంది. తర్వాత ఆర్మ్‌కి రాగానే ఈ పాయింటర్ల గోల చూసి పిల్లలు బెదిరిపోతున్నారు. 8051లోనే పాయింటర్ పద్ధతి నేర్పిస్తే అలవాటవుతుంది కదా?
(పాలిటెక్నిక్ లెక్చరర్, మెహిదీపట్నం)

జవాబు: మీ ఉద్దేశం మంచిదే, కానీ 8051లో అది పనిచేయదండీ. ఆ చిప్‌లో 80 నుంచి ఎఫ్ఎఫ్ దాకా ఉన్న స్పెషల్ ఫంక్షన్ రిజిస్టర్లు డైరెక్ట్ అడ్రసింగ్‌కి మాత్రమే దొరుకుతాయి. పాయింటర్ అంటే ఇన్‌డైరెక్ట్ అడ్రసింగ్, 8052లో అదే 90 అడ్రసుకి పాయింటర్‌తో వెళ్తే పోర్ట్ కాదు, పై 128 బైట్ల ర్యామ్ వస్తుంది. అడ్రసు అదే, చేరేది వేరే చోటు. అందుకే కెయిల్ వాళ్లు భాషలో లేని కీవర్డ్ ఒకటి తెచ్చిపెట్టారు. ఎస్‌బిట్ కూడా అంతే, ఎనిమిదితో భాగించబడే అడ్రసుల్లో ఉన్న ఎస్ఎఫ్ఆర్‌లకే బిట్ అడ్రసింగ్ ఉంది కాబట్టి ఎస్ఎఫ్ఆర్‌లలో అది వాటికే పనిచేస్తుంది.

నేనైతే పిల్లలకి ఈ తేడానే మొదటి క్లాసులో చెప్తాను. ఆర్మ్ కార్టెక్స్-ఎంలో ఫ్లాష్, ర్యామ్, పెరిఫెరల్స్ అన్నీ ఒకే అడ్రసు వరసలో ఉంటాయి, ర్యామ్ 20000000 నుంచి, పెరిఫెరల్స్ 40000000 నుంచి. అందుకే అక్కడ మామూలు సీ పాయింటర్ సరిపోతుంది, కొత్త కీవర్డ్ అక్కర్లేదు. ఇది బోర్డు మీద ఒక పటం గీసి చూపిస్తే పాయింటర్ భయం చాలావరకు పోతుంది.

ప్రశ్న: రాస్‌ప్‌బెర్రీ పై 3లో జీపీఐఓ బేస్ డేటాషీట్‌లో 7ఈ200000 అని ఉంది. మీరు చెప్పినట్టే స్ట్రక్చర్ పెట్టి పాయింటర్‌గా క్యాస్ట్ చేస్తే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తోంది.
(పాఠకుడు, ఉప్పల్)

జవాబు: రెండు వేరువేరు సమస్యలు కలిసిపోయాయి ఇక్కడ. ఒకటి, ఆ డేటాషీట్ ఇచ్చేవి బస్ అడ్రసులు, ప్రాసెసర్‌కి కనిపించేవి కావు. పై 3లో ప్రాసెసర్ వైపు నుంచి అదే జీపీఐఓ 3ఎఫ్200000 దగ్గర ఉంటుంది, మొట్టమొదటి పైలో 20200000, పై 4లో ఎఫ్ఈ200000. రెండు, మీ ప్రోగ్రామ్ నడిచేది లినక్స్ మీద. ఎంఎంయూ (అడ్రసులని మార్చి చూపే హార్డ్‌వేర్) ఆన్‌లో ఉన్నప్పుడు ఫిజికల్ అడ్రసుని పాయింటర్ చేసుకుని వెళ్తే కెర్నెల్ ఒప్పుకోదు. దేవ్ డైరెక్టరీలో జీపీఐఓమెమ్ అనే ఫైల్ ఉంటుంది, దాన్ని ఎంమ్యాప్ చేయండి (అంటే మీ ప్రోగ్రామ్ అడ్రసుల్లోకి తెచ్చుకోండి), వచ్చిన పాయింటర్‌నే మీ స్ట్రక్చర్‌కి బేస్‌గా వాడండి. రూట్ అవసరం లేదు, అడ్రసు తెలియాల్సిన పని కూడా లేదు. పై 5కి మారితే మాత్రం ఇదేదీ వర్తించదు, అక్కడ జీపీఐఓ ఆర్‌పీ1 అనే వేరే చిప్‌లోకి వెళ్లిపోయింది.

కెర్నెల్ డ్రైవర్ రాసే స్థాయికి వెళ్తే పద్ధతి ఇంకా మారుతుంది. బేస్ అడ్రసు సీ కోడ్‌లో ఉండనే ఉండదు, డివైస్ ట్రీ (హార్డ్‌వేర్ వివరాల ఫైల్)లో రెగ్ అనే ప్రాపర్టీలో ఉంటుంది, ఐఓరీమ్యాప్ దాన్ని మీకు వాడుకోదగ్గ పాయింటర్‌గా ఇస్తుంది. అక్కడ స్ట్రక్చర్ వేయడం ఆనవాయితీ కాదు, ఆఫ్‌సెట్‌లని డిఫైన్లుగా పెట్టుకుని రీడ్‌ఎల్, రైట్‌ఎల్ ఫంక్షన్లతో వెళ్తారు, బ్యారియర్లు, ఎండియన్ సంగతి అవే చూసుకుంటాయి. మైక్రోకంట్రోలర్ అలవాట్లని అక్కడికి మోసుకెళ్లకండి. బేస్, ఆఫ్‌సెట్ విడివిడిగా ఉంచాలన్న ఒక్కటి మాత్రం రెండుచోట్లా పనికొస్తుంది.

ప్రశ్న: కంపెనీ ఇచ్చే హెడర్ ఉండగా ఇదంతా మనం ఎందుకు రాసుకోవాలి?
(పాఠకుడు, మియాపూర్)

జవాబు: ప్రొడక్ట్‌లో రాసుకోకండి, వాళ్లదే వాడండి. చాలా కంపెనీలు రిజిస్టర్ల వివరాలున్న ఎస్‌వీడీ అనే ఎక్స్ఎంఎల్ ఫైల్ కూడా ఇస్తాయి, అందులోంచి హెడర్ తయారుచేసే టూల్ ఉంది, డీబగ్గర్ కూడా రిజిస్టర్ల పేర్లు దాన్నుంచే చూపిస్తుంది. మీరు రాయాల్సి వచ్చేది ఎఫ్‌పీజీఏ (మనమే సర్క్యూట్ అమర్చుకునే చిప్)లో మీ టీమే చేసిన పెరిఫెరల్‌కి, బస్ మీద తగిలించిన బయటి చిప్‌కి, హెడర్ దొరకని పాత చిప్‌కి. అవి కాక నేర్చుకునేటప్పుడు ఒక్క పెరిఫెరల్‌కైనా మాన్యువల్ చూసి చేత్తో రాయండి. లేకపోతే వాళ్ల హెడర్ తెరిచినా ఏమీ అర్థం కాదు.

ప్రశ్న: మా ఆఫీసులో బోర్డులు తక్కువ, మనుషులు ఎక్కువ. డ్రైవర్ కోడ్‌ని ల్యాప్‌టాప్ మీద టెస్ట్ చేసే దారి ఉందా?
(పాఠకురాలు, కొండాపూర్)

జవాబు: ఉంది. డ్రైవర్ ఫంక్షన్ లోపల యూఎస్ఏఆర్‌టీ2 (రెండో సీరియల్ పోర్ట్) అని పేరు రాసేయకుండా, ఆ స్ట్రక్చర్ పాయింటర్‌ని మొదటి ఆర్గ్యుమెంట్‌గా తీసుకోండి. బోర్డు మీద అసలు బేస్ పంపిస్తారు, ల్యాప్‌టాప్ మీద అదే టైప్‌లో ర్యామ్‌లో ఒక వేరియబుల్ పెట్టి దాని అడ్రసు పంపిస్తారు. ఇనిట్ ఫంక్షన్ పిలిచాక సీఆర్1లో ఎనేబుల్ బిట్ పడిందా, బాడ్ రేట్ పెట్టే బీఆర్ఆర్‌లో సరైన విలువ ఉందా చూడొచ్చు. పోర్ట్ క్లాక్‌ని కూడా ఆర్గ్యుమెంట్‌గానో, పోర్ట్‌కి ఒక కాన్‌స్ట్ పట్టికలోనో ఇవ్వండి, ఎందుకంటే ఎఫ్103లో యూఎస్ఏఆర్‌టీ1 ఉన్న బస్ 72 మెగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, 2, 3 ఉన్నది 36 దాకానే. క్లాక్‌ని లోపల ఒకే విలువగా రాసేస్తే 1వ పోర్ట్‌లో బాగా వచ్చిన బాడ్ రేట్ 2వ పోర్ట్‌లో చెత్త అక్షరాలు చూపిస్తుంది.

చదివితే క్లియర్ అయ్యేవి, ఒకటి రాస్తే క్లియర్ అయ్యేవి ల్యాప్‌టాప్ ర్యామ్‌లో అలా ప్రవర్తించవు. కాబట్టి కాన్ఫిగరేషన్ లెక్కలు, ప్రోటోకాల్, ఎర్రర్ దారులు అక్కడ టెస్ట్ చేసుకుని, ఫ్లాగ్‌ల మీద ఆధారపడ్డ భాగానికి మాత్రం బోర్డు దగ్గర మీ వంతు టైమ్ ముందే అడిగి పెట్టుకోండి.